ఒక్క ప్యాకింగ్ మెషీను, నాలుగు లెక్కలు

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. నాన్నగారి కాలం నుంచీ పిండివంటల తయారీ మా వృత్తి. జంతికలు, చెగోడీలు, బూందీ, కోవా చేసి చుట్టుపక్కల కిరాణా కొట్లకు వేస్తాం. 2021 మే నెలలో జీఎస్టీ కాకుండా 8 లక్షలు పెట్టి ప్యాకింగ్ మెషీను కొన్నాను. 2025 నవంబరులో దాన్ని 5.5 లక్షలకు అమ్మేసి, జనవరిలో 12 లక్షల కొత్తది దింపాను. ఎనిమిదికి కొని ఐదున్నరకు అమ్మాను కాబట్టి రెండున్నర లక్షలు పోయాయని నా లెక్క. మా గుమాస్తా పుస్తకాల్లో 28 వేలు నష్టం రాశాడు. అకౌంట్లు చదువుకున్న బావమరిది మాత్రం 1,32,395 రూపాయల క్యాపిటల్ గెయిన్ (ఆస్తి అమ్మకపు లాభం) వచ్చింది, పన్ను కట్టాలంటున్నాడు. ఆడిటర్ గారిని అడిగితే లాభమూ లేదు, నష్టమూ లేదు, వెళ్లి పని చూసుకోమన్నారు. ఎవరి మాట నమ్మాలి? మధ్యలో బ్యాంకు అప్పు కోసం లాభం ఎక్కువ కనిపించాలని రెండేళ్లు తరుగుదల వేయలేదు, అదేమైనా అడ్డమా? ఇంకో సంగతి. మేముండేది అద్దె షెడ్డు. పైరేకులు కారుతుంటే మార్పించి, పనిలో పనిగా వెనక వైపు ఇరవై అడుగులు పొడిగించాం. మొత్తం 2.4 లక్షలైంది. కొత్త మెషీనుకు సగం బ్యాంకు అప్పు, సగం నాన్నగారి నుంచి వచ్చిన 60 సెంట్ల పొలం జనవరిలో 40 లక్షలకు అమ్మిన డబ్బు. పొలం మున్సిపాలిటీ హద్దుకు రోడ్డు మీద 7 కిలోమీటర్లు. పొలం మీద పన్ను ఉండదంటారు, అమ్మిన డబ్బు మళ్లీ వ్యాపారంలోనే పెట్టాను కదా. చివరగా, నవ్వకండి. కోవా పాల కోసం రెండు గేదెలను కొన్నాం, ఒకటి చనిపోయింది. దాన్ని ఎక్కడ రాయాలో మా గుమాస్తాకు తెలియడం లేదు.

జవాబు: మీ నలుగురిలో ఎవరి కూడికలూ తప్పు కాదు. నలుగురూ నాలుగు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు, చిక్కంతా అక్కడే. పన్ను చట్టం అడిగే ప్రశ్నకు జవాబిచ్చింది మాత్రం ఆడిటర్ గారొక్కరే. ఆయన కాస్త విడమరచి చెప్పి ఉంటే మీకు ఈ ఉత్తరం రాసే శ్రమ తప్పేది.

ముందు మాట సంగతి. రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కిన వాళ్లకు స్థిరాస్తి అంటే ఇల్లూ పొలమే. కదిలేదల్లా చరాస్తి. అదే అకౌంట్ల పుస్తకంలో స్థిరాస్తి అంటే ఏళ్ల తరబడి వ్యాపారంలో వాడుకోవడానికి ఉంచుకున్నది ఏదైనా సరే, చక్రాల మీద తిరిగే ట్రాలీ ఆటో అయినా సరే. ఆదాయపన్ను వారి 'క్యాపిటల్ అసెట్' ఇంకా వెడల్పు. వ్యాపారంతో సంబంధం ఉన్నా లేకపోయినా మీ చేతిలో ఉన్న ఆస్తి ఏదైనా అందులోకి వస్తుంది, కొన్నిటిని మాత్రం చట్టమే బయట పెట్టింది. జీఎస్టీ వారిది మరో మాట, 'క్యాపిటల్ గూడ్స్'. మీరు పుస్తకాల్లో ఆస్తిగా రాసుకుని, వ్యాపారానికి వాడుకునే సామాను అని దానర్థం. ఒకే మెషీనుకు మూడు ఆఫీసుల్లో మూడు పేర్లు. పేరుతో పాటు లెక్క కూడా మారుతుంది.

వస్తువును చూసి అది క్యాపిటల్ అసెట్ అవునో కాదో చెప్పలేం. ఒక ఇత్తడి గుండిగను తీసుకోండి. పాత్రల కొట్టులో అది అమ్మకపు సరుకు, అమ్మితే వచ్చేది వ్యాపార లాభం. టెంట్ హౌస్‌ వాళ్ల దగ్గర అదే గుండిగ అద్దెకు తిరిగే ఆస్తి, ఏటా తరుగుదల వేసుకోవచ్చు, అంటే వాడకంతో తగ్గే విలువను ఖర్చుగా రాసుకోవచ్చు. మీ ఇంట్లో అటక మీద ఉంటే సొంత వాడకపు సామాను, దాన్ని అమ్ముకుంటే పన్ను చట్టం పట్టించుకోదు. ఆ చివరి మినహాయింపు బంగారానికి వర్తించదు. మీ ఆవిడ మెడలో గొలుసు ఎంత సొంతమైనా చట్టం దృష్టిలో క్యాపిటల్ అసెటే. తాకట్టు పెడితే ఏమీ కాదు గానీ, అమ్మితే ఆ లాభానికి లెక్క చెప్పాలి.

ఇక మీ మెషీను. అమ్మకం 2025-26లో జరిగింది గనుక 1961 నాటి ఆదాయపన్ను చట్టమే వర్తిస్తుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 చట్టం దాని స్థానంలోకి వచ్చింది, సెక్షన్ నంబర్లన్నీ మారాయి. తరుగుదల లెక్క తీరు మాత్రం ఇదే.

మామూలు మెషినరీకి తరుగుదల ఏటా 15 శాతం, అదీ మిగిలిన విలువ మీద. 8 లక్షల మెషీను మొదటి ఏడాది చివర 6,80,000 అవుతుంది. తర్వాత 5,78,000, ఆ పైన 4,91,300, 2025 మార్చి 31 నాటికి 4,17,605. దీన్ని 5,50,000కు అమ్మారు. తేడా 1,32,395. మీ బావమరిది చెప్పిన అంకె ఇదే. మీ యూనిట్‌లో ఆ మెషీను ఒక్కటే ఉండి, దాని బదులు కొత్తది కొనకుండా ఉంటే ఆయన మాటే నిజమయ్యేది. ఆ లాభాన్ని సెక్షన్ 50 కింద స్వల్పకాలిక క్యాపిటల్ గెయిన్ అంటారు. నాలుగేళ్లు వాడినా, పదేళ్లు వాడినా అది స్వల్పకాలికమే, మామూలు స్లాబు ప్రకారమే పన్ను. ఏటా తరుగుదల పేరుతో తగ్గించుకున్న దానిలో కొంత వెనక్కి వచ్చిందనేది దాని వెనకున్న తర్కం. కొన్న ధర 8 లక్షలతో పోల్చి నష్టమనే మీ లెక్క చట్టం ఒప్పుకోనిది అందుకే. ఆ 8 లక్షల్లో 3,82,395 మీరు ముందే ఖర్చుగా రాసుకున్నట్టు చట్టం భావిస్తుంది.

మీ బావమరిది మరిచింది ఏమిటంటే, పన్ను చట్టం మెషీన్లను ఒక్కొక్కటిగా చూడదు. ఒకే రేటు తరుగుదల ఉన్న ఒకే రకం ఆస్తులన్నిటినీ ఒక 'బ్లాక్' అంటుంది. మీ పిండి కలిపే మెషీను, ఫ్రయ్యర్, డీప్ ఫ్రీజర్, ప్యాకింగ్ మెషీను అన్నీ 15 శాతం బ్లాకులోవే. ధాన్యం గాదెలో ఏ బస్తా ఎవరి పొలం నుంచి వచ్చిందో ఒకసారి పోశాక తెలియనట్టే, బ్లాకులో పడ్డాక ఏ మెషీనుకూ విడిగా విలువ ఉండదు. ఉత్తరంతో పాటు మీరు పంపిన స్టేట్‌మెంటులో 2025 ఏప్రిల్ 1న మీ బ్లాకు మొత్తం 7,30,000 ఉంది. అమ్మకం 5,50,000 తీసేస్తే 1,80,000 మిగిలింది. కొత్త మెషీను 12,00,000 కలిస్తే 13,80,000. బ్లాకులో సొమ్ము మిగిలినంత కాలం లాభం అనే మాటే రాదు. ఆడిటర్ గారు 'ఏమీ లేదు' అన్నది ఇదే. పన్ను తప్పిందని సంబరపడకండి గానీ. 5.5 లక్షలు బ్లాకులోంచి పోయాయి కాబట్టి రాబోయే ఏళ్లలో మీకు వచ్చే తరుగుదల ఆ మేరకు తగ్గుతుంది. పన్ను వాయిదా పడింది, అంతే.

ఈ ఏడాది తరుగుదల ఎంతో కూడా చెప్పేస్తాను. మిగిలిన 1,80,000 మీద 15 శాతం, అంటే 27,000. కొత్త మెషీను జనవరిలో వచ్చింది, మార్చి 31 లోపు 180 రోజులు వాడలేదు, కాబట్టి సగం రేటే, 12 లక్షల మీద 90,000. మొత్తం 1,17,000. అక్టోబరు 3 లోపు మెషీను తిరగడం మొదలైతే పూర్తి 15 శాతం వచ్చేది. కొన్న తేదీ కాదు, వాడకం మొదలైన తేదీ ముఖ్యం. పాత పన్ను విధానంలో ఉన్న తయారీదారులకు కొత్త మెషీను మీద అదనంగా 20 శాతం తరుగుదల కూడా ఉంది. అదీ 180 రోజుల లోపు వాడితే మొదటి ఏడు సగమే వస్తుంది, తక్కిన సగం మరుసటి ఏడు. కొత్త విధానంలో అది లేదు. ఏ విధానమో తేల్చుకునే ముందు ఈ అంకె పక్కన పెట్టుకుని ఆలోచించండి.

ఇప్పుడు గుమాస్తా 28 వేలు. ఇక్కడే మీ 'రెండేళ్లు తరుగుదల వేయలేదు' బయటపడింది. పుస్తకాల్లో మెషీను విలువ 5,78,000 దగ్గర ఆగిపోయింది. దాన్ని 5,50,000కు అమ్మితే 28,000 నష్టం. గుమాస్తా తీసివేత సరిగ్గానే చేశాడు. ఆయన నష్టం 28,000కు బావమరిది లాభం 1,32,395 కలిపి చూడండి, 1,60,395 వస్తుంది. అది మీరు వేయకుండా వదిలేసిన రెండేళ్ల తరుగుదల, 86,700, 73,695 కలిపితే వచ్చే మొత్తమే. పైసా తేడా లేదు.

తరుగుదల వేసుకోవడం, మానుకోవడం మన ఇష్టమనే వాదన ఒకప్పుడు చెల్లింది. 2000లో సుప్రీంకోర్టు మహేంద్ర మిల్స్ కేసులో పన్ను చెల్లించేవారి పక్షాన ఆ మాటే చెప్పింది. మరుసటి ఏడే ప్రభుత్వం చట్టంలో ఒక వివరణ చేర్చి ఆ దారి మూసేసింది. అడిగినా అడగకపోయినా తరుగుదల ఇచ్చినట్టే లెక్క. అందుకే ఆడిటర్ గారు మీ పుస్తకాల విలువను పక్కన పెట్టి 4,17,605నే తీసుకుని బ్లాకు కట్టారు. మీరు ఆ రెండేళ్లు మెషీను మీద 1,60,395 మేర ఎక్కువ ఆదాయం చూపి పన్ను కట్టారు, తక్కిన మెషీన్ల మీద పోయింది వేరే. వాటి రివైజ్డ్ రిటర్నుల గడువు దాటిపోయింది. గడువు దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్ను పన్ను తగ్గించుకోవడానికి పనికిరాదు. ఆ డబ్బు పోయినట్టే. బ్యాంకు మేనేజరుకు లాభం చూపించాలంటే తరుగుదలకు ముందు లాభం ఎంతో విడిగా చూపించవచ్చు, వాళ్లు అప్పు తీర్చే శక్తిని లెక్కించేటప్పుడు తరుగుదలను ఎలాగూ తిరిగి కలుపుకుంటారు. ఈ సలహా ఇచ్చిందెవరో నాకు తెలియదు గానీ, మన ఊళ్లలో ఇది ఇప్పటికీ చెలామణీలో ఉంది. నేనూ కొత్తలో ఒక నూనె మిల్లు లెక్కలు రాస్తూ ఇదే పొరపాటు చేశాను. ఆ యజమాని పెద్దమనిషి, ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

పుస్తకాల్లో 28 వేల నష్టాన్ని ఏం చేయాలంటారా? రాసింది ఉండనివ్వండి. పన్ను లెక్క వేసేటప్పుడు ఆ నష్టాన్ని ముందుగా తిరిగి కలిపి, పుస్తకాల తరుగుదలను తీసేసి, చట్టం ప్రకారం తరుగుదలను వేసుకోవాలి. రెండు లెక్కలు రెండు కాగితాల మీద విడిగా బతుకుతాయి. అయితే ఇకనుంచి పుస్తకాల్లోనూ ఏటా తరుగుదల మానకండి.

కొత్త మెషీను ఖరీదు నిజంగా 12 లక్షలేనా అని ఒకసారి చూసుకోండి. లారీ కిరాయి, దాని కోసమే పోసిన కాంక్రీటు దిమ్మె, బిగించినందుకు ఇచ్చిన కూలి, ఇవన్నీ మెషీను ఖరీదులోకే వస్తాయి, ఆ ఏటి ఖర్చులోకి కాదు. బ్యాంకు అప్పు చేతికి వచ్చిన రోజు నుంచి మెషీను తిరగడం మొదలైన రోజు వరకు పడిన వడ్డీ కూడా అంతే. ఈ సూత్రానికి మన జిల్లాల నుంచే ఒక పెద్ద కేసు ఉంది. కృష్ణా జిల్లా చల్లపల్లి షుగర్స్ ఫ్యాక్టరీ కట్టేటప్పుడు తెచ్చిన అప్పు మీద వడ్డీని యంత్రాల ఖరీదులో కలపవచ్చా లేదా అన్న తగవు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉత్పత్తి మొదలయ్యే ముందు పడిన వడ్డీని ఖరీదులో కలపవచ్చని 1970ల్లో కోర్టు చెప్పింది. మెషీను తిరగడం మొదలయ్యాక పడే వడ్డీ మాత్రం మామూలు ఖర్చే.

ఒక్క జాగ్రత్త. ఆస్తి కొనేటప్పుడు ఒకే మనిషికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే, ఆ మొత్తం ఖరీదులో లెక్కకు రాదు. బిగించిన మేస్త్రీకి 26 వేలు నోట్లు లెక్కపెట్టి ఇచ్చి ఉంటే ఆ 26 వేల మీద ఎప్పటికీ తరుగుదల రాదు. పాతిక, ముప్పై వేలే కదా అని మన వాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకుంటారు.

మీరు అడగనిది, కానీ అన్నిటికంటే తొందరగా చూసుకోవాల్సింది జీఎస్టీ. పాత మెషీను కొన్నప్పుడు 18 శాతం చొప్పున 1,44,000 క్రెడిట్ తీసుకుని ఉంటారు, అంటే కొనుగోలు మీద కట్టిన పన్నును అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుని ఉంటారు. అమ్మేటప్పుడు రెండు లెక్కలు వేసి ఏది ఎక్కువైతే అది కట్టాలి. మొదటిది, తీసుకున్న క్రెడిట్‌లోంచి మూడు నెలలకోసారి 5 శాతం చొప్పున తగ్గించగా మిగిలింది. త్రైమాసికంలో కొంత భాగం గడిచినా పూర్తిగా గడిచినట్టే లెక్క. మే 2021 నుంచి నవంబరు 2025 వరకు మీ తేదీలను బట్టి పంతొమ్మిది త్రైమాసికాలు వస్తాయనుకుంటే 95 శాతం పోయి 7,200 మిగులుతుంది. రెండోది, అమ్మిన ధర మీద పన్ను, 5,50,000కు 18 శాతం, అంటే 99,000. రెండోదే ఎక్కువ కాబట్టి కట్టాల్సింది 99,000. నవంబరు రిటర్నులో ఇది చూపించకపోతే వెంటనే సరిచేసుకోండి, ఆలస్యానికి ఏడాదికి 18 శాతం వడ్డీ నడుస్తూ ఉంటుంది. కొన్నవారు జీఎస్టీ ఉన్న వ్యాపారి అయితే బిల్లు మీద పన్ను వేసి వారినే అడగండి, వారికి అది క్రెడిట్‌గా తిరిగి వస్తుంది కాబట్టి పేచీ పెట్టరు. వారు ససేమిరా అంటే ఆ 5.5 లక్షల్లోనే పన్ను కలిసి ఉందని లెక్క వేసుకోవాల్సి రావచ్చు. అప్పుడు బ్లాకులోంచి తీసే మొత్తం కూడా తగ్గుతుంది.

కొత్త మెషీను మీద కట్టిన 2,16,000 క్రెడిట్ అంతా ఒకేసారి తీసుకోవచ్చు, ఏళ్ల తరబడి విడగొట్టక్కర్లేదు. కానీ క్రెడిట్ తీసుకున్న పన్ను మీద తరుగుదల కూడా వేసుకుంటే క్రెడిట్ పోతుంది. అందుకే ఖరీదు 12 లక్షలే, 14,16,000 కాదు. ఇంకో మెలిక ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్యాకెట్లలో అమ్మే కారపు తినుబండారాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. జనానికి మంచిదే. మీకు మాత్రం అమ్మకాల మీద వచ్చే పన్ను తగ్గి, మెషీను మీద కట్టిన 18 శాతం క్రెడిట్ లెడ్జర్‌లో పేరుకుపోతుంది. కొనుగోళ్ల మీద పన్ను ఎక్కువ, అమ్మకాల మీద తక్కువ ఉన్నవారికి ఇచ్చే రిఫండ్‌లో ముడిసరుకు క్రెడిట్‌కే చోటు, మెషీన్ల క్రెడిట్‌కు లేదు. ఆ 2,16,000 నెలనెలా కొద్దికొద్దిగా కరిగించుకోవాల్సిందే. పెద్ద మెషీను కొనేముందు చేతిలో నగదు ఎంత ఉంచుకోవాలో ఆలోచించేటప్పుడు ఈ ముక్క గుర్తుంచుకోండి.

షెడ్డు సంగతి తేలిక, బిల్లు విడగొట్టి ఉంటే. కారుతున్న రేకుల బదులు అలాంటివే కొత్తవి వేయిస్తే అది మరమ్మతు, ఆ ఏటి ఖర్చు. మరమ్మతులు మీరే చూసుకోవాలని అద్దె ఒప్పందంలో ఉంటే మంచిది. వెనక పొడిగించిన ఇరవై అడుగులు ముందు లేనిది, కొత్తగా పుట్టిన ఆస్తి. అద్దె స్థలంలో కట్టినా సరే, చట్టం దాన్ని మీ సొంత భవనంలాగే చూసి 10 శాతం తరుగుదల ఇస్తుంది. పనివాడు రెండూ కలిపి ఒకే కాగితం మీద 2.4 లక్షలు అని రాసిచ్చి ఉంటే, ఎన్ని రేకులు పాత చోట, ఎన్ని కొత్త చోట అన్నది రాయించుకోండి. విడగొట్టని బిల్లును అధికారి మొత్తంగా ఆస్తి కింద వేస్తాడు.

భవనమా, మెషినరీయా, ఫిట్టింగులా అన్నది కూడా చిన్న విషయం కాదు. రేట్లు వేరు. 1971లో సికింద్రాబాద్ తాజ్ మహల్ హోటల్ కేసులో తగవు ఇదే. గదుల్లో బిగించిన శానిటరీ సామాను, నీటి గొట్టాలు ఫిట్టింగులని అధికారులన్నారు, అవి లేకుండా హోటలే నడవదు కాబట్టి 'ప్లాంటు', అంటే వ్యాపారం నడిపే సాధనం, అని హోటల్ వారన్నారు. సుప్రీంకోర్టు హోటల్ వారి మాటే ఒప్పుకుంది.

పొలం దగ్గర మాత్రం మీకు చేదు మాట చెప్పాలి. వ్యవసాయ భూమి మీద పన్ను లేదన్నది సగం నిజం. పల్లెటూరి వ్యవసాయ భూమికే ఆ మినహాయింపు. పల్లె ఏది అన్నది జనాభాతో తేలుతుంది. మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపుంటే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపుంటే 6 కిలోమీటర్లు, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్ల లోపల ఉన్న పొలం క్యాపిటల్ అసెటే. చివరిగా లెక్కలు వెలువడిన 2011 జనాభా గణనలో తెనాలి లక్షా 64 వేల పైచిలుకు. కాబట్టి మీకు 6 కిలోమీటర్లు. మీ పొలం రోడ్డు మీద 7 అన్నారు. కానీ 2013 సవరణ తర్వాత దూరాన్ని రోడ్డు మీద కొలవరు, మున్సిపల్ హద్దు నుంచి పొలం దాకా గాలిలో గీత గీసినట్టు కొలుస్తారు. కాలువ గట్టు వెంట మెలికలు తిరిగే రోడ్డు 7 కిలోమీటర్లుంటే, తిన్నగా కొలిస్తే 6 లోపే ఉండే అవకాశం గట్టిగా ఉంది. తహసీల్దారు ఆఫీసులో అడిగి దూరం రాయించుకోండి. 6 దాటితే మీ అదృష్టం, ఈ పొలం గురించి ఇక చదవక్కర్లేదు.

దాటకపోతే, నాన్నగారు కొన్న ధరే మీ ధర. ఆయన 2001 ఏప్రిల్ 1కి ముందు కొని ఉంటే ఆ రోజు మార్కెట్ విలువ తీసుకోవచ్చు, అదీ ఆనాటి రిజిస్ట్రేషన్ విలువకు మించకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ విలువ అడగండి. ఉదాహరణకు అది 3 లక్షలనుకుందాం. లాభం 37 లక్షలు, దాని మీద 12.5 శాతం చొప్పున 4,62,500. 2024 జులై 23కు ముందు సంపాదించిన భూమికి వ్యక్తులు పాత పద్ధతిలోనూ, అంటే ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచుకుని, లెక్క వేసుకోవచ్చు. 2025-26 ద్రవ్యోల్బణ సూచీ 376, కాబట్టి 3 లక్షలు 11,28,000 అవుతుంది, మిగిలిన 28,72,000 మీద 20 శాతం అంటే 5,74,400. మీకు మొదటిదే మేలు. దీనిపై 4 శాతం సెస్సు అదనం. ఆ 40 లక్షలు మీ చేతికి అందిన మొత్తమేనా, దస్తావేజులో రాసింది అంతేనా అని నేను అడగను. ప్రభుత్వ విలువ దస్తావేజు ధర కంటే 10 శాతానికి మించి ఎక్కువుంటే మాత్రం చట్టం ఆ విలువనే అమ్మకపు ధరగా పట్టుకుంటుంది.

మళ్లీ వ్యాపారంలోనే పెట్టానన్నారు. మెషీను కొన్నందుకు పొలం లాభానికి ఒక్క రూపాయి మినహాయింపు కూడా లేదు. ఈ భ్రమ చాలా మందికి ఉంది. పొలం లాభం తగ్గాలంటే రెండేళ్ల లోపు మరో వ్యవసాయ భూమి కొనాలి, అమ్మిన పొలాన్ని అంతకు ముందు రెండేళ్లు మీరో మీ తల్లిదండ్రులో సాగు చేసి ఉండాలి. కౌలుకిచ్చి ఉంటే అధికారి దగ్గర ప్రశ్న తప్పదు, కాగితాలు సిద్ధంగా పెట్టుకోండి. కొత్త పొలాన్ని మూడేళ్ల లోపు అమ్మకూడదు. లేదా అమ్మిన ఆరు నెలల లోపు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ రంగ సంస్థల 54ఈసీ బాండ్లలో (ఆ సెక్షన్ పేరుతోనే పిలుస్తారు) లాభం మొత్తాన్ని పెట్టవచ్చు, పరిమితి 50 లక్షలు, ఐదేళ్లు కదిలించకూడదు. వడ్డీ అంత గొప్పగా ఉండదు, దాని మీద పన్నూ ఉంది. మీది జనవరి అమ్మకం, ఆరు నెలలు ఎప్పటికి నిండుతాయో క్యాలెండర్ మీద ఇవాళే సున్నా చుట్టుకోండి. మెషీనుకు పోగా చేతిలో ఎంత మిగిలిందో దాన్ని బట్టి ఇందులో ఏది చేయగలరో తేలుతుంది.

ఇక గేదె. నేను నవ్వలేదు. నిజానికి 'ప్లాంటు' అనే మాటకు కోర్టులు చెప్పుకునే మొట్టమొదటి నిర్వచనమే ఒక జంతువు వల్ల పుట్టింది. 1887లో ఇంగ్లండులో బండి తోలే కూలీని ఒక పొగరుబోతు గుర్రం తన్నింది. ఆ గుర్రం యజమాని వ్యాపారపు ప్లాంటులో భాగమా కాదా అన్న ప్రశ్న వస్తే, అవునన్నారు న్యాయమూర్తులు. అమ్మకపు సరుకు కాకుండా వ్యాపారానికి శాశ్వతంగా ఉంచుకున్నదేదైనా, ప్రాణమున్నా లేకున్నా, ప్లాంటేనని చెప్పారు. మన చట్టం రాసినవాళ్లు మాత్రం ప్లాంటు నిర్వచనంలోంచి పశువులను పేరు పెట్టి మరీ తీసేశారు, తేయాకు మొక్కలతో పాటు. అందుకే గేదె మీద ఏటా తరుగుదల లేదు, మీ గుమాస్తా దాన్ని మెషీన్ల పక్కన రాయలేకపోవడం న్యాయమే.

దానికి వేరే ఏర్పాటుంది. అమ్మడానికి కాకుండా వ్యాపారంలో వాడుకునే పశువు చనిపోయినా, ఇక పనికిరాకుండా పోయినా, కొన్న ధరలోంచి కళేబరానికో, తోలుకో వచ్చిన డబ్బు తీసేసి మిగిలినదంతా ఆ ఏడాదే ఖర్చుగా రాసుకోవచ్చు. 70 వేలకు కొన్న గేదె చనిపోయి 2 వేలు వస్తే 68 వేలు ఒకేసారి ఖర్చు. రెండు షరతులు. పాలు నిజంగా కోవాకు వెళ్లాలి, ఇంటి కాఫీకే కాదు. కొన్న రోజు నుంచీ అది పుస్తకాల్లో ఆస్తిగా ఉండాలి. సంతలో కొని ఉంటే రసీదు, బ్యాంకులోంచి పంపి ఉంటే ఆ ఎంట్రీ, పశువుల డాక్టరు రాసిచ్చిన మరణ ధ్రువపత్రం, ఈ మూడూ ఒక కవరులో పెట్టి ఆడిటర్ గారికి ఇవ్వండి. రెండో గేదెకు చెవి పోగు నంబరు ఉంటే అది కూడా ఆస్తుల రిజిస్టరులో రాయించండి.